రిజిస్టర్ ఎవరి చేతిలో ఉంది? కిష్టారం వైపు నుంచి గ్రామసభను చూస్తే

(పరిశోధక విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



అభివృద్ధి ప్రతిపాదనల మీద స్థానిక సంస్థలు ఎలా నిర్ణయం తీసుకుంటాయో మాట్లాడమని నన్ను అడిగారు. పట్నంలో ఇల్లు కట్టాలంటే మునిసిపాలిటీకి ప్లాన్ పెడతాం. వాళ్ళు అడ్డుపుల్ల వేస్తే తిరుగుతాం, ఒప్పుకుంటే ముగ్గు పోస్తాం. అడవిలో ఉన్న ఊరి మీదికి రోడ్డో, టవరో, పోలీసు శిబిరమో, గనో వస్తున్నప్పుడు ఆ దరఖాస్తు ఎవరి ముందుకు వెళ్ళాలి? గ్రామసభ ముందుకు అని చట్టం చెబుతుంది. ఆ చట్టానికీ ఊరికీ మధ్యలో ఒక వస్తువు ఉంటుంది. అది తీర్మానాల రిజిస్టర్. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

నేను ఆదివాసిని కాదు. భద్రాచలం ఏజెన్సీ అంచున ఉన్న ఒక మాదిగ కుటుంబం నుంచి వచ్చాను. మా వైపు నుంచి చూస్తే కిష్టారం దూరమేమీ కాదు. చర్ల మండలం దాటితే అవతల ఛత్తీస్‌గఢ్, సుక్మా జిల్లా, కొంటా బ్లాకు. అక్కడి జనం మాట్లాడేది కోయ. దొర్ల అని కూడా అంటారు. సంతలో తెలుగు నడుస్తుంది. ప్రభుత్వం నుంచి వచ్చే ప్రతి కాగితమూ హిందీలో ఉంటుంది. ఒకే ఊరు మూడు భాషల మధ్య బతుకుతోంది. తీర్మానం రాసే భాష మాత్రం ఒక్కటే, అదీ ఊరిది కాదు.

కిష్టారం పేరు మీలో చాలామంది 2018 మార్చి 13న విని ఉంటారు. ఆ రోజు మందుపాతర పేలి తొమ్మిది మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఇలాంటి రోజుల్లో తప్ప ఆ పేరు వార్తల్లోకి రాదు. ఇప్పుడు పరిస్థితి మారుతోంది. మావోయిస్టు ఉద్యమానికి 2026 మార్చి 31 గడువు అని కేంద్ర హోంమంత్రి ప్రకటించారు. శిబిరాలు పెరిగాయి, వాటి వెనక రోడ్లు వచ్చాయి. రోడ్డు పడ్డాక ప్రతిపాదనలు వస్తాయి. అందుకే, వాటికి అవునో కాదో ఊరు ఎలా చెబుతుందన్న ప్రశ్నను ఇప్పుడే అడగాలి.

ముందుగా, ఇక్కడున్న చాలామంది మనసులో ఉన్న సందేహం తీసుకుంటాను. గ్రామాన్ని నమ్మొద్దని చెప్పింది బాబాసాహెబే కదా, మనం గ్రామసభను ఎలా సమర్థిస్తాం? 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ, గ్రామాన్ని వదిలి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానని ఆయన అన్నారు. వెలివాడలో పుట్టిన మనకు ఆ మాట అర్థం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఆ మాటను పక్కన పెట్టుకునే 1996 పెసా చట్టం నాలుగో సెక్షన్ చదవండి. అందులో గ్రామసభ అంటే పటేల్, పూజారి, పెద్దమనుషుల కూటమి అని లేదు. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ సభ్యుడే, సభ్యురాలే. ఆ తర్వాతే ఆచారాలనూ వనరులనూ కాపాడుకునే శక్తి ఆ సభకు ఉందని చెప్పారు. మనిషికొక ఓటు అనే సూత్రం చెట్టు కిందికి వచ్చి కూర్చుంది. అంబేడ్కర్ కోరిన వ్యక్తి ఇక్కడ ఉన్నాడు. ఆ వ్యక్తి చెప్పిన మాట కాగితం మీదికి చేరుతోందా లేదా అన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

చట్టం ఇచ్చినవి కొన్ని చూద్దాం. పెసా ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. చిన్న తరహా ఖనిజాల లీజుకు వాళ్ళ సిఫారసు తప్పనిసరి. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, సంప్రదింపు చాలదు, ముందస్తు సమ్మతి కావాలంది. 2006 అటవీ హక్కుల చట్టం బడి, అంగన్‌వాడీ, రోడ్డు, చెరువు వంటి పదమూడు రకాల సౌకర్యాల కోసం ఒక్కోదానికి హెక్టారులోపు అటవీ భూమి వాడుకోవచ్చంది, అదీ గ్రామసభ సిఫారసు చేస్తేనే. ఆ పదమూడింటిలో పోలీసు శిబిరం లేదు. అటవీ హక్కుల విషయాల మీద సభ జరగాలంటే మొత్తం సభ్యుల్లో సగం మంది రావాలని, వచ్చినవాళ్ళలో మూడోవంతు మహిళలు ఉండాలని 2012లో నిబంధనలు సవరించారు.

ఛత్తీస్‌గఢ్‌కు మధ్యప్రదేశ్ నుంచి వారసత్వంగా వచ్చిన పంచాయతీరాజ్ చట్టంలో ఇంకొక మంచి ఏర్పాటు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభకు సర్పంచ్ అధ్యక్షత వహించకూడదు. సభకు వచ్చినవాళ్ళే ఒక ఆదివాసీ సభ్యుణ్ణో సభ్యురాలినో ఎన్నుకోవాలి. అధికారాన్ని పంచాయతీ నుంచి సభకు మార్చాలన్న ఉద్దేశం ఇందులో కనిపిస్తుంది. అయితే కుర్చీ మారినా కలం మారలేదు. రాసేది పంచాయతీ కార్యదర్శి, అక్కడి మాటలో సచివ్. సంఘర్షణ ముదిరిన ఏళ్ళలో కొంటా బ్లాకులో ఎందరో సర్పంచ్‌లు, సచివ్‌లు ఊరు విడిచి రోడ్డు పక్క పట్టణాల్లో ఉండాల్సి వచ్చింది. రిజిస్టర్ కూడా వాళ్ళతోనే వెళ్ళింది. ఊరు ఒకచోట, ఊరి తీర్మానాల పుస్తకం ఇంకోచోట.

పెసా అమలుకు నియమావళిని ఛత్తీస్‌గఢ్ 2022 ఆగస్టులో నోటిఫై చేసింది. చట్టం వచ్చిన ఇరవయ్యారేళ్ళకు! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లోనే చేసింది కాబట్టి మనం మెరుగని మురిసిపోనక్కర్లేదు. నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. మా వైపు ఒక ఊళ్ళో పింఛన్ల రోజు ఆడవాళ్ళందరితో ఒక పట్టీ మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. మా అమ్మ కూడా పెట్టింది. కొన్ని నెలలకు అదే పట్టీ ఒక సభ హాజరుగా బయటపడింది. ఆ సభ దేని గురించి జరిగిందో మా అమ్మకు ఇప్పటికీ తెలియదు. కాగితం ప్రకారం ఆమె ఒప్పుకుంది.

బస్తర్‌లో ఇదే పద్ధతి ఎంత పెద్ద స్థాయిలో నడిచిందో చూద్దాం. లోహండీగూడలో ఉక్కు కర్మాగారం కోసం 2005లో టాటా స్టీల్ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పది ఊళ్ళ భూమి సేకరించారు. పోలీసు పహారాలో సభలు పెట్టి ఒప్పుకున్నట్టు రాసుకున్నారని రైతులు ఏళ్ళ తరబడి చెప్పారు. కర్మాగారం రాలేదు, కంపెనీ వెనక్కి వెళ్ళింది. 2019 ఫిబ్రవరిలో 1,707 మంది రైతులకు భూమి పత్రాలు తిరిగి ఇచ్చారు. మన దేశంలో ఇలా తిరిగొచ్చిన భూమి అరుదు. నడుమ గడిచిన పదేళ్ళకు పైగా కాలాన్ని ఏ పత్రమూ తిరిగి ఇవ్వలేదు.

దంతెవాడ జిల్లా బైలాడీలా కొండల్లో పదమూడో నిక్షేపం ఉంది. అక్కడి నంద్‌రాజ్ కొండ ఆదివాసులకు దేవుడి నెలవు. 2014లో హిరోలీ గ్రామసభ గనికి ఒప్పుకుందని రికార్డు చెప్పింది. అలాంటి సభే జరగలేదని ఊరివాళ్ళు అన్నారు. 2019 జూన్‌లో వేలమంది కిరందుల్ చేరుకుని రోజుల తరబడి కూర్చుంటే, ప్రభుత్వం పనులు ఆపి విచారణకు ఆదేశించింది. ఉత్తర ఛత్తీస్‌గఢ్‌లోని హస్‌దేవ్ అడవుల జనం కూడా దొంగ తీర్మానాల మీద విచారణ కోరుతూ 2021 అక్టోబర్‌లో రాయ్‌పూర్‌కు మూడు వందల కిలోమీటర్లు నడిచారు. తాము అనని మాటను అనలేదని నిరూపించుకోవడానికి అంత దూరం నడవాల్సి వచ్చింది.

ఇక్కడ నాకు మహాడ్ గుర్తొస్తుంది. మనం 1927 మార్చి 20ని చవదార్ చెరువు నీళ్ళు తాగిన రోజుగా తలుచుకుంటాం. దానికి ముందూ వెనకా స్థానిక సంస్థ తీర్మానాలు ఉన్నాయన్నది తక్కువ చెప్పుకుంటాం. 1923లో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే తీర్మానం వచ్చింది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ చెరువు అందరిదీ అని తీర్మానించింది. మూడేళ్ళపాటు ఆ తీర్మానం పుస్తకంలోనే ఉంది, ఒక్క దోసిలి నీళ్ళు కూడా పైకి రాలేదు. మనుషులు నడిచి వెళ్ళి తాగాక, అదే ఏడాది ఆగస్టు 4న మునిసిపాలిటీ తన తీర్మానాన్ని రద్దు చేసుకుంది. బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చేసరికి 1937.

మహాడ్‌లో రాసిన హక్కును జరగనివ్వలేదు. హిరోలీలో, ఊరివాళ్ళు చెప్పిన ప్రకారం, జరగని సమ్మతిని రాశారు. రెండు చోట్లా పుస్తకం పట్టుకున్నవాళ్ళు ఒకరు, ఫలితం అనుభవించినవాళ్ళు ఇంకొకరు. బాబాసాహెబ్ రాజ్యాంగ నైతికత గురించి అంతగా ఎందుకు పట్టుబట్టారో దీన్నిబట్టి నాకు అర్థమైంది. చట్టం అక్షరాన్ని మార్చకుండానే, దాన్ని నడిపే తీరు మార్చి మొత్తం తారుమారు చేయవచ్చని ఆయనకు తెలుసు.

సభ నిజంగా జరిగితే ఏమవుతుందో నియమగిరి చూపించింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, బాక్సైట్ తవ్వకం తమ కొండదేవుణ్ణి తాకుతుందో లేదో గ్రామసభలే తేల్చాలంది, జిల్లా జడ్జి స్థాయి పరిశీలకులు ఉండాలంది. ఏ ఊళ్ళలో సభ పెట్టాలో ఒడిశా ప్రభుత్వమే ఎంచింది. పన్నెండు ఊళ్ళు. పన్నెండూ వద్దన్నాయి. ఆ కొండల జనం లోహండీగూడ జనం కన్నా ధైర్యవంతులని కాదు. అక్కడ జనం మాట్లాడుతుంటే, ఆ మాటను వక్రంగా రాయలేని మనిషి ఎదురుగా కూర్చున్నాడు.

మళ్ళీ కొంటా వైపు వద్దాం. సుక్మా, బీజాపూర్ సరిహద్దులోని సిల్గేర్‌లో 2021 మేలో శిబిరం వెలిసింది. మమ్మల్ని అడగలేదని జనం గుమిగూడారు. మే 17న కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ధర్నా ఏడాది దాటి సాగింది. అక్కడి ప్రధాన ప్రశ్న శిబిరం మంచిదా చెడ్డదా అన్నది కాదు, గ్రామసభ ఎక్కడ అన్నది. 2023 అటవీ సంరక్షణ సవరణ చట్టం, వామపక్ష తీవ్రవాద ప్రాంతాలుగా ప్రకటించిన చోట్ల పారామిలటరీ శిబిరాలకూ ప్రజోపయోగ పనులకూ ఐదు హెక్టార్ల వరకు మినహాయింపు తెచ్చింది. ఆ మినహాయింపు అటవీ సంరక్షణ చట్టం నుంచే. పెసా, అటవీ హక్కుల చట్టం రద్దు కాలేదు. ఈ తేడాను ఊళ్ళో ఎవరు చెప్పాలి? ఏ భాషలో చెప్పాలి?

ఇంకో చిక్కు ఉంది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఎన్నో కుటుంబాలు పారిపోయి గోదావరి ఇవతలి అడవుల్లో స్థిరపడ్డాయి. మనం గొత్తికోయలు అంటున్నది వీళ్ళనే. 2011లో సుప్రీంకోర్టు ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసులుగా వాడడాన్ని తప్పుబట్టింది. వెళ్ళినవాళ్ళు మాత్రం చాలావరకు తిరిగి రాలేదు. ఇక్కడ కుల ధ్రువపత్రాల కోసం, పట్టాల కోసం తిరుగుతున్నారు. గ్రామసభ అంటే ఓటర్ల జాబితా కదా. జాబితాలో పేరు పోయినవాళ్ళ సొంత ఊరి మీద ప్రతిపాదన వస్తే, వాళ్ళ తాతల భూమి గురించి వాళ్ళు లేకుండానే సగం మంది హాజరు లెక్క తేలిపోతుంది.

ఇప్పటిదాకా బయటి బలం గురించి చెప్పాను. లోపలి బలం గురించి చెప్పకపోతే బాబాసాహెబ్ హెచ్చరికను దాచినట్టే. బస్తర్ జిల్లా ఛింద్వాడాలో ఒక మహరా దళిత కుటుంబం క్రైస్తవులైనందుకు, 2025 జనవరిలో ఇంటి పెద్ద చనిపోతే సొంత ఊళ్ళో పూడ్చనివ్వలేదు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులిచ్చారు. చివరికి శవాన్ని వేరేచోటి శ్మశానానికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. శవం మూడు వారాలు మార్చురీలో ఉంది. ఊరి మాట అనే అదే బలం కొండను కాపాడగలదు, మనిషిని వెలివేయగలదు కూడా. నా మటుకు గీత ఇక్కడ గీస్తాను: భూమి, అడవి, నీరు, ఖనిజం మీద సభదే మాట. ఒక మనిషి విశ్వాసం, పెళ్ళి, సమాధి మీద ఏ సభకూ ఓటు లేదు. మొదటిదాని కోసం కొట్లాడుతూ రెండోదాని గురించి మౌనంగా ఉంటే, ఆదివాసీ స్వయంపాలన పేరుతో మనమే మరో అగ్రహారం కట్టినట్టు.

చివరగా, పరిశోధకులుగా మన పని. థీసిస్‌లలో "గ్రామసభ సమ్మతి లభించింది" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్తుంటాం. ఆ వాక్యం రాసేముందు ఐదు ప్రశ్నలు అడుగుదాం. చాటింపు ఎవరు వేశారు, ఎన్ని రోజుల ముందు? జాబితాలో ఎందరు, వచ్చిందెందరు, ఆడవాళ్ళెందరు? ప్రతిపాదనను వాళ్ళ భాషలో చదివి వినిపించారా? రాసింది లేచే ముందు మళ్ళీ చదివి వినిపించారా? వద్దన్నవాళ్ళ మాట ఎక్కడ నమోదైంది? తీర్మానం నకలు ఊళ్ళో ఉండాలి. కోయలో చదివించి ఫోన్‌లో రికార్డు చేసి ఉంచితే ఇంకా మంచిది. కొంటా, చర్ల వైపు నుంచి ఇప్పుడు మన విశ్వవిద్యాలయాలకు పిల్లలు వస్తున్నారు. కోయ, హిందీ, తెలుగు మూడూ వచ్చినవాళ్ళు వాళ్ళే. రేపు సభలో సచివ్ పక్కన కూర్చుని, రాసింది పైకి చదవమని అడగాల్సింది వాళ్ళే. అలా అడిగినందుకు వాళ్ళ మీద కేసు పడితే, నిలబడాల్సింది మనం.

జై భీమ్. సేవా జోహార్.