కొద్ది ప్రతుల పుస్తకం – మన తర్వాత ఎవరికి?

(ఎచ్చెర్ల విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు ఇంతకు ముందే వివరంగా చెప్పారు. కొద్ది ప్రతులే అచ్చువేసి, శ్రద్ధగా బైండు చేసిన కవిత్వ గ్రంథాల సేకరణ గురించి నేను నాలుగు మాటలు మనవి చేస్తాను. అనువాదాలతో మొదలుపెడతాను.

బ్రిటన్‌లో వేల్స్ అనే చిన్న దేశం ఉంది. ఇంగ్లీషు పక్కనే ఉండి నిలదొక్కుకున్న భాష వారి వెల్ష్. బొగ్గు గనులు, రైల్వేలు, ఓడరేవు మీద గడించిన డేవిడ్ డేవిస్ మనుమరాళ్లు గ్వెండొలిన్, మార్గరెట్ 1922లో గ్రెగినోగ్ అనే తమ భవనంలో ముద్రణాలయం పెట్టారు. 1923 నుంచి 1940 వరకు 42 గ్రంథాలు తెచ్చారు. ఒక్కొక్కటి కొన్ని వందల ప్రతులే. వాటిలో కొన్నింటికి మాత్రం ప్రత్యేకమైన తోలు బైండింగు. ఉమర్ ఖయ్యాం రుబాయీలకు జాన్ మోరిస్-జోన్స్ చేసిన వెల్ష్ అనువాదం 1928లో అక్కడే వెలువడింది. ఆ ఖయ్యాంనే మన దువ్వూరి రామిరెడ్డిగారు ‘పానశాల’గా తెలుగు చేశారు. ఆ రెండు పుస్తకాలూ ఒకే అరలో పక్కపక్కన కనిపిస్తే సేకరించేవారికి అంతకన్నా పండుగేముంది?

అనువాదం కాకపోయినా, మన ప్రాంతానికి దగ్గరైన ఉదాహరణ మరొకటి చెబుతాను. విశాఖలో పుట్టిన శ్రీశ్రీగారి ‘మహాప్రస్థానం’ 1950లో తొలిసారి పుస్తకంగా వచ్చింది. 1981లో గూటాల కృష్ణమూర్తిగారు లండన్ నుంచి దానిని కవి సొంత దస్తూరీతో, ఆయన గొంతు ఉన్న క్యాసెట్టుతో సహా ప్రచురించారు. ఈనాడు క్యాసెట్టు ఆడించే యంత్రం ఇంట్లో లేకపోయినా దానిని పారేయకండి. పుస్తకం, క్యాసెట్టు కలిసి ఉంటేనే ఆ ప్రచురణ పూర్తి.

ఇలాంటి పుస్తకం దొరికితే చివరి పుట చూడండి. ప్రతుల సంఖ్య, ముద్రణాలయం వివరాలు సాధారణంగా అక్కడే ఉంటాయి. అట్ట ఊడిందని వెంటనే బైండరుకు ఇవ్వకండి. కొత్త బైండింగులో అంచులు కోస్తారు, పాత అట్ట తీసేస్తారు. దానితో పుస్తకం విలువ సగం పోయినట్టే. చిరిగిన పుటకు సెల్లోటేపు అంటించవద్దు. మనది సముద్రపు గాలి తగిలే ప్రాంతం. గోడకు ఆనించకుండా, గాలి ఆడేలా ఉంచి, వానాకాలం వెళ్లాక ఒకసారి నీడలో విప్పి చూడాలి. చెదలు, పుస్తకాల పురుగు మనకు కబురు పెట్టి రావు.

ఇక అసలు మాట. ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమించిన కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. ఆయన కూడబెట్టినవి ఖరీదైన బైండింగులు కావు, కథలు. అయినా మనం నేర్చుకోవలసింది ఒకటుంది. ఆయన తన బీరువా కోసం కూడబెట్టలేదు, రాబోయే పాఠకుల కోసం కూడబెట్టారు. 2021లో మాస్టారు వెళ్లిపోయారు. ఆ పుస్తకాలు పాఠకుల కోసం మిగిలాయి.

మనలో చాలామంది నామినేషన్ కాగితాలు జాగ్రత్తగా నింపాం. పుస్తకాలకు మాత్రం నామినీ లేడు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఇల్లు ఖాళీ చేసేరోజున ఏది ఏమిటో వారికి తెలియదు. పాత పేపర్లతో కలిపి తూకానికి వేస్తే ఆ తప్పు వారిది కాదు. మళ్లీ అచ్చుకాని పుస్తకం ఒక్క ప్రతి పోయినా లోకంలో ఒకటి తగ్గినట్టే. అందుచేత ఒక నోటుబుక్కులో పేరు, సంవత్సరం, ప్రతి నంబరు, ఎవరికి ఇవ్వాలో రాసి ఇంట్లోవారికి చూపించండి. గ్రంథాలయానికి ఇవ్వదలిస్తే ముందే వెళ్లి మాట్లాడండి. మన ఎచ్చెర్లలోనే విశ్వవిద్యాలయం ఉంది, అడిగి చూడవచ్చు.