వెంట పోయినోళ్ళ సంగతేంది?

నంద్యాల మీటింగులో మాట్లాడింది రాసి పెట్టమని చాలామంది అడిగారు, అందుకే ఇక్కడ పెడుతున్నా. నేను చెంచు పిల్లోణ్ణి కాబట్టి నల్లమల గూడేల సంగతే ఎక్కువ చెప్తాను. పాడేరులో, ఉట్నూరులో ఉన్నవాళ్ళు మీ దగ్గరి సంగతులతో పోల్చి చూసుకోండి.

ఆసుపత్రి మాట వస్తే మనం ఏం అడుగుతాం? రోడ్డు వేయండి, 108 పంపండి, డాక్టర్ని పెట్టండి అని. అడగాల్సిందే, ఆ కొట్లాట ఆపమని నేను చెప్పడం లేదు. కానీ ఆ కొట్లాటలో ఒక మనిషి లెక్కలోకి రావడం లేదు. రోగి వెంట పోయిన మనిషి. తల్లి కావచ్చు, పెండ్లాం కావచ్చు, తమ్ముడు కావచ్చు, ఆశా అక్క కావచ్చు.

ఆ దారి ఒకసారి తలచుకోండి. పాము కరిచిందనో, ఎలుగుబంటి మీద పడిందనో, కాన్పయ్యాక రక్తం ఆగడం లేదనో గూడెం నుంచి బయల్దేరతారు. కొంత దూరం మంచం మీద మోస్తారు. తర్వాత ఆటో, లేకుంటే 108. ఆళ్లగడ్డ చేరతారు. కేసు పెద్దదైతే నంద్యాల పోవాలి, 40 కిలోమీటర్లు. ఇంకా పెద్దదైతే కర్నూలు పెద్దాసుపత్రి, మళ్ళీ 70కి పైన. వెంట ఉన్న మనిషి దారి పొడవునా రోగి ఊపిరి వింటూ కూర్చుంటుంది. చేరిన ప్రతిచోటా ఒక కాగితం, ఒక వేలిముద్ర. అందులో ఏముందో కూర్చోబెట్టి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. తర్వాత ఏదైనా జరగరానిది జరిగితే ఆ బొటనవేలు చూసుకుని ఏడ్చేది ఆ మనిషే. "నేను ముద్ర వేయకుంటే బతికేవాడేమో" అని.

(అహోబిలం స్వామి మా చెంచులక్ష్మి మొగుడు, మా ఇంటి అల్లుడు. పారువేటకు పల్లకిలో నెల దాటి ఊరూరా తిరుగుతాడు. ఆ పల్లకి మోసే భుజాలంటే అందరికీ గౌరవం. మంచం మోసిన భుజాన్ని మాత్రం ఎవరూ అడగరు. ఇది కోపంతో అంటున్నది కాదు, కొంచెం కోపం ఉందిలే.)

అహోబిలం వైపు నాకు తెలిసిన ఒక అక్క ఉంది. వదిన కాన్పుకు వెంట పోయింది. ప్రాణం మీదికొచ్చి, తొమ్మిది రోజులు ఆసుపత్రి వరండాలోనే పడుకుంది. వదిన బతికింది, బిడ్డ బతికింది. గూడెమంతా సంతోషపడింది. ఈ అక్కకు మాత్రం నిద్ర పోయింది. దూరంగా బండి చప్పుడైతే లేచి కూర్చునేది. ఫినాయిల్ వాసన వస్తే వాంతి. వదిన చెయ్యి పట్టుకుని నాడి చూస్తానని రాత్రి రెండు మూడు సార్లు లేపేది. "అంతా బాగైంది కదా, నీకేమైంది?" అని ఇంట్లోవాళ్ళు కసిరారు.

దీన్ని మన జేజిలు "దడుపు" అంటారు. ఆ మాట తప్పేం కాదు. ఐసీయూలో మనిషిని పెట్టుకుని బయట కాచుకున్న కుటుంబాలకు వచ్చే ఇలాంటి బాధకు డాక్టర్లు 2012లో పిక్స్-ఎఫ్ అని పేరు పెట్టారు. ఆపద వచ్చినప్పుడు ఒళ్ళు పరుగుకు సిద్ధమవుతుంది. ఆపద పోయిందని ఒంటికి వెంటనే తెలియదు, కాపలా దిగదు. అందుకే నిద్ర రాదు, చీటికిమాటికి ఉలికిపాటు, అదే దృశ్యం మళ్ళీ మళ్ళీ కళ్ళముందుకొస్తుంది. కొందరికైతే ఏడుపూ రాదు, మొద్దుబారిపోతారు. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఇది పిరికితనం కాదు, పిచ్చి అంతకన్నా కాదు.

ఇక అసలు సంగతి. మరుసటి ఏడు ఆ గూడెంలోనే ఇంకో అమ్మాయికి నెలలు నిండాయి. "ఆసుపత్రికి వద్దు" అని ముందు అన్నది ఈ అక్కే. అందరూ ఆమె మాటే విన్నారు. ఎందుకు వినరు, కళ్ళారా చూసొచ్చిన మనిషి కదా! ఆ అమ్మాయిని ఒప్పించి బండి ఎక్కించేసరికి ఒక పగలంతా పోయింది. ఆదివాసీలకు ఆసుపత్రి అంటే మూఢనమ్మకం అని బయటివాళ్ళు రాస్తుంటారు. కొంత ఉందేమో. కానీ నేను చూసినంతలో ఆ భయం చాలాసార్లు వెంట పోయొచ్చిన మనిషిది. ఆ మనిషిని అప్పుడే ఎవరూ పట్టించుకోకపోతే ఒకరి భయం గూడెం భయం అవుతుంది. తర్వాతి రోగికి అది ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఇది మన ఉద్యమం పని అంటున్నా.

ఏం చేయాలి? ముందు చేయకూడనిది ఒకటి చెప్తా. పరామర్శకు పోయి "ఏం జరిగింది, మొదట్నుంచి చెప్పు" అని అడగొద్దు. మనోళ్ళంతా ప్రేమతోనే అడుగుతారు. కానీ పదిమంది వస్తే ఆ మనిషి ఆ రాత్రిని పదిసార్లు మళ్ళీ చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకంలో కూడా, బలవంతంగా చెప్పించొద్దనే ఉంది. తనంతట తాను చెప్తే వినండి, మధ్యలో సలహా వద్దు. "అంతా దేవుడి దయ" అని మూసేయొద్దు. మీరు చేయగలిగింది పని. కట్టెలు కొట్టి పెట్టండి, నీళ్ళు తెచ్చి పెట్టండి, పిల్లల్ని ఒక పూట మీ ఇంట్లో పెట్టుకోండి, ఆమెను పడుకోనివ్వండి. మగవాళ్ళయితే సారాతో నిద్ర తెచ్చుకుంటారు, అది నాలుగు రోజులకే ఎదురు తిరుగుతుంది.

తేనెకు కొండ చరియ దిగేవాడి తాడు పైన బావమరిది పట్టుకుంటాడని మీకు తెలుసు. తాడు పట్టినవాడి అరచేతులు ఒరుసుకుపోతాయని కూడా తెలుసు. ఆసుపత్రికి మాత్రం ఒకే ఒక్క మనిషిని పంపి పదిరోజులు వదిలేస్తాం! ఇకమీదట ఇద్దరు పోవాలి, రెండు రోజులకోసారి మారాలి. బస్సు ఛార్జీకి గూడెంలో తలా ఇంత వేసుకుందాం. వరండాలో కాకుండా సహాయకులకు పడుకోను ఒక చోటు, ఒక పూట భోజనం ఇవ్వాలని ఐటీడీఏకు పెట్టే అర్జీలో రోడ్డు పక్కనే ఇది కూడా రాద్దాం.

డిగ్రీ చదివిన మీకు ఒక మాట. కాగితాలు చదవగలరని ప్రతి కేసుకూ మిమ్మల్నే పిలుస్తారు. పోండి. కానీ ఒక కేసు చూసొచ్చాక రెండు రోజులు ఫోన్ ఇంకొకరికి ఇవ్వండి. మీకూ ఒళ్ళే ఉంది, ఇనుము కాదు.

నెల దాటినా నిద్ర రాకపోతే, పనికి పోలేకపోతే, చచ్చిపోవాలనిపిస్తే అసలు నెల దాకా ఆగకుండా, డాక్టరుకు చూపించాలి. 14416కు ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మా గూడెంలో సిగ్నల్ దొరికేది చింతచెట్టు దగ్గర ఒక్కచోటే. అక్కడి బండ మీద 108 అని సున్నంతో ఎప్పుడో రాసుంది. దాని కింద ఈ నంబరు కూడా రాశాం. మీ దగ్గర సిగ్నల్ యాడ దొరుకుతుందో ఆడ రాయండి, ఫోటో ఈ పేజీకి పంపండి.