ఎకరములు, గుంటలు, భిన్నములు
(ప్రసంగ పాఠము)



పావు, అర, ముప్పావు, వీసము అను మాటలు తెలుగువారికి బడిలో నేర్పనక్కరలేనివి. రూపాయికి పదునారు అణాలున్న కాలమున, అనగా 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చు వరకు, సంతకు పోయిన ప్రతివాడును నాలుగవ వంతులతోడను, ఆ నాలుగవ వంతులో నాలుగవ వంతులతోడను లెక్క కట్టెడివాడు. పూర్వపు తెలుగు లెక్కలలో పావులకు నిలువు గీతలు, వీసములకు అడ్డ గీతలు వాడుకలో నుండెను. ఈ గుర్తులకు 2008లో యూనికోడ్ అక్షర పట్టికలో స్థానము లభించినది. అయితే కంప్యూటరు వానిని అక్షరములుగా చూపగలదే గాని, వానితో కూడిక చేయజాలదు.

ఇప్పుడు లెక్క చేయునది స్ప్రెడ్‌షీట్, అనగా గడుల పట్టిక. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను ఇరువురు అమెరికనులు విసికాల్క్ పేర దీనిని చిన్న కంప్యూటర్లకు తెచ్చిరి. నేడు ఎక్సెల్, లిబ్రె ఆఫీస్ కాల్క్ మున్నగునవి ఆ పనినే చేయుచున్నవి. దీనికి దశాంశములన్న ప్రీతి మెండు. గడిలో 1/2 అని కొట్టి చూడుడు. మన దేశపు అమరికలో అది ఫిబ్రవరి 1వ తేదీ యగును! సగము కావలెనన్న ముందు సున్న, పిదప ఖాళీ, తరువాత 1/2 కొట్టవలెను.

ఇది వినోదమునకు చెప్పిన మాట కాదు. తెలంగాణలో ఎకరమునకు నలువది గుంటలు. గుంటకు 121 చదరపు గజములు. రెండెకరముల పదునైదు గుంటలను 2.15 అని వ్రాయు అలవాటు విస్తారముగా నున్నది. కాగితముమీద మనుష్యునికి అది తెలియును. యంత్రమునకు తెలియదు, అది చుక్క తరువాతి 15ను నూటికి పదునైదని గ్రహించును. నూటికి పదునైదు వంతులనగా ఆరు గుంటలే. తొమ్మిది గుంటలు, అనగా 1,089 చదరపు గజములు, ఒక్క చుక్కలో పోయినవి. ఇక 2.15కు 1.30 కూడినచో 3.45 వచ్చును. రైతు వ్రేళ్లమీద లెక్కించినను అది నాలుగెకరముల అయిదు గుంటలు.

అందుచే 2 తరువాత ఖాళీ విడిచి 15/40 అని కొట్టుట మేలు. అప్పుడు విలువ సరిగా చేరును గాని, గడిలో 2 3/8 అని కనబడును. యంత్రము భిన్నమును కుదించి చూపినది, పొరపాటేమియు లేదు. గుంటలుగానే కనబడవలెనన్న, గడుల రూపమును నిర్ణయించు ఫార్మాట్ సెల్స్ తెరచి, కస్టమ్ అను చోట # ??/40 అని వ్రాయవలెను. అప్పుడది 2 15/40 అగును. దానికి 1 30/40 కూడినచో 4 5/40 వచ్చును. హారమును నలువదియని మనము స్థిరపరచితిమి. కనుక యంత్రము దానిని మార్చదు.

ఇచటనే జాగ్రత్త పడవలెను. ఆ రెండెకరముల పదునైదు గుంటలను ముగ్గురన్నదమ్ములు పంచుకొనిరనుకొందము. మూడుతో భాగించి, పై రూపములోనే చూచిన, ఒక్కొక్కరికి 32/40 అని కనబడును. ముగ్గురివి కూడిన తొంబదియారు గుంటలు, ఉన్నవో తొంబదియైదే! లేని గుంట ఎవరిది? గట్టుమీద తగవునకు ఇంతకంటె మంచి కారణము దొరకదు. రూపము మార్చినంత మాత్రాన లోపలి విలువ మారలేదు. కూడిక గడి నడిగిన 2 15/40 అనియే చెప్పును. కంటికి కనబడునది మాత్రము దగ్గరి గుంటకు సవరింపబడినది. అచ్చు తీసిన కాగితమున ఆ కనబడునదియే మిగులును, సంతకములు దానిమీదనే పడును.

రూపమును # ??/?? అని మార్చిన భాగము 19/24 అగును. అది నిజమే, కాని గొలుసు పట్టువానికి ఇరువదినాలుగవ వంతుతో పనియేమి? ఇట్టి పంపకములో ఎకరములను విడిచి గుంటలలోనే లెక్క వ్రాయుట ఉత్తమము. గడిలో 95 వ్రాసి, పక్క గడిలో మూడుతో భాగించి, దానికి # ?/? అను రూపమిచ్చిన 31 2/3 అని వచ్చును. ఆ మూడింట రెండు వంతుల గుంట 80 2/3 చదరపు గజములు. మొత్తము మీద ఒక్కొక్కని భాగము 3,831 2/3 చదరపు గజములు. ముగ్గురివి కూడిన సరిగా 11,495. తొంబదియైదు గుంటలకును అంతియే.