పంపితే చాలదు, జవాబు చదవాలి



కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతాలకు తెలుగు కొత్త కాదు. కోవిల్‌పట్టి సమీపాన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తెలుగువారి వలసగాథను ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలగా రచించారు. నేటికీ ఇంటి భాష తెలుగైనా కార్యాలయ భాష తమిళమే.

నేడు ఆ కార్యాలయం చేతిఫోనులోకి వచ్చింది. ఫారం నింపి పంపగానే వివరాలు సర్వరుకు చేరుతాయి. సర్వరు ఇచ్చిన జవాబునే యాప్ తెరపై చూపుతుంది. దరఖాస్తు సంఖ్య కనబడితేనే అది అందినట్టు. అందడం వేరు, ఆమోదం వేరు. తెర నిలిచిపోతే వెంటనే మళ్ళీ నొక్కరాదు. ముందుగా పంపిన దరఖాస్తుల జాబితా చూడాలి. లేకుంటే రుసుము రెండుమార్లు పోవచ్చు.

పేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తెలుగునాట పేరుకు ముందు ఇంటిపేరు పొడి అక్షరం. తమిళనాట తండ్రి పేరుది. పత్రాలలో ఇవి కలవకపోతే దరఖాస్తు సవరణకై తిరిగిరావచ్చు.

జననాన్ని 21 రోజులలోగా తెలియజేయాలి. నమోదైన 12 నెలలలోగా బిడ్డ పేరును రుసుము లేకుండా చేర్చవచ్చు; ఆపై 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుముతో. సవరణ కోరిన జవాబును తమిళం రాదని చదవక వదిలితే, ఆ గడువు తెలియకుండానే గడిచిపోతుంది. బడిలో చేర్చేనాటికి ఆ పత్రంలో బిడ్డకు పేరే ఉండదు.

కనుక దరఖాస్తు సంఖ్యను కాగితంపై రాసుకోండి. జవాబు వచ్చిందేమో తరచూ చూడండి. అర్థం కాకపోతే తెలిసినవారిచేత చదివించుకోండి. ఇ-సేవై కేంద్రంలో పంపించినా రసీదు తప్పక తీసుకోండి.