వ్యాయామ గురువు కోడి రామమూర్తి

గ్రామ పంచాయతీ సభ్యులారా!

వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారిని లోకము మల్లయోధునిగా నెరుగును. ఆయన వ్యాయామ శిక్షకుడు కూడనని మేము జ్ఞప్తికి దెచ్చుచున్నాము. మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరమున విద్యార్థులకు వ్యాయామము నేర్పిరి. పిదప సర్కసు స్థాపించి, ఛాతికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి త్రెంచి చూపిరి. వ్యాధిచే కాలు కోల్పోయి 1942లో గతించిరి.

ఆమదాలవలస ప్రాంతమున పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు మొత్తము 240 కిలోలెత్తి కాంస్య పతకము గెలిచినది. కావున మన సీమలో బలమునకు కొదువ లేదు. అయితే గురువెంతటివాడైనను చోటు లేనిదే నేర్పజాలడు. గ్రామపు ఉమ్మడి స్థలము ఆక్రమణపాలు కాకమునుపే కొంత భాగమును ఆటస్థలముగా తీర్మానింపవలెనని కోరుచున్నాము.