బరువు తగ్గించే ఆపరేషను: ఆ తరువాతి సంగతులు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులం కాము, బడిపంతుళ్ళం. అయినా ఈ విషయం ఎంచుకొన్నామంటే కారణం ఉన్నది. ఊబకాయానికి కడుపు ఆపరేషను చేయించుకొన్నవారు ఇప్పుడు మన బస్తీల్లో కూడా కనబడుతున్నారు. ఎన్ని కిలోలు తగ్గారో అందరూ చెబుతారు. ఐదో ఏట, పదో ఏట ఏమవుతుందో చెప్పేవారు తక్కువ. పైగా పెళ్ళి కావలసిన పిల్ల అయితే సంబంధం చెడుతుందేమోనని ఆపరేషను సంగతే దాచిపెడతారు. అత్తవారికి చెప్పరు సరే, కొత్త డాక్టరుకూ చెప్పరు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

ముందు కొంచెం పాత కథ. 1950ల్లో అమెరికాలో ఈ ఆపరేషనుకు శ్రీకారం చుట్టారు. అప్పట్లో పొట్టసంచిని ముట్టుకొనేవారు కారు. ఇరవై అడుగుల చిన్నపేగులో సుమారు అడుగున్నర మాత్రం దారిలో ఉంచి, తక్కినదాన్ని పక్కకు తప్పించేవారు. బరువు తగ్గేది, నిజమే. కాని ఏళ్ళు గడిచేకొద్దీ కొందరికి కాలేయం చెడింది, మూత్రపిండాల్లో రాళ్ళు పడ్డాయి, కీళ్ళు పట్టుకొన్నాయి. ఎంతోమందికి మళ్ళీ పొట్ట కోసి పేగును యథాస్థానానికి తేవలసి వచ్చింది. 1980ల నాటికి ఆ పద్ధతి మూలబడింది. ఈలోగా అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ 1966లో వేరే దారి పట్టారు. పుండు వ్యాధికి పొట్టసంచిలో కొంత భాగం తీసివేసినవారు తరువాత లావెక్కడం లేదని గమనించి, పొట్టసంచినే చిన్నది చేసి పేగుకు కలిపారు. నేటి బైపాసుకు మూలం అదే. ఆపరేషను మంచిదా చెడ్డదా అన్నది మొదటి సంవత్సరంలో తేలదని ఆ పాత పద్ధతిని చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు ఎక్కువగా చేసేవి రెండు. స్లీవ్‌లో పొట్టసంచిని నిలువుగా కోసి ముప్పాతిక వంతుకు పైగా తీసిపారేస్తారు, మిగిలేది అరటిపండంత గొట్టం. బైపాసులో పైభాగాన చిన్న సంచి మిగిల్చి పేగుకు నేరుగా కలుపుతారు. రెంటివల్లా మధుమేహం, రక్తపోటు తగ్గినవారు ఎందరో ఉన్నారు. భయపెట్టడానికి మేము ఇక్కడ నిలబడలేదు.

కాని విటమిన్ల సంగతి చెప్పి తీరాలి. బి12 శరీరంలో ఏళ్ళకు సరిపడా నిలవ ఉంటుంది. అందువల్ల బిళ్ళలు మానేసినా వెంటనే ఏమీ తెలియదు. “చూశారా, మందు లేకుండానే బాగున్నా” అంటారు. రెండు మూడేళ్ళకు అరికాళ్ళలో తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం. ఇనుము తగ్గి రక్తహీనత వస్తుంది, నెలసరి ఉన్న ఆడవాళ్ళకు మరీను. కాల్షియం, డి విటమిన్ తగ్గితే ఎముకలు పలచబడతాయి. ఇనుము బిళ్ళ, కాల్షియం బిళ్ళ ఒకేసారి మింగితే ఒకటి రెండోదాన్ని ఒంటబట్టనివ్వదు. మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. ఇనుము బిళ్ళను చాయ్‌తో వేసుకొనేవారూ ఉన్నారు, అది వేసుకోనట్టే.

వీటన్నిటికంటె తొందరగా దెబ్బతీసేది బి1, అంటే థయమిన్. దాని నిలవ కొన్ని వారాలదే. ఆపరేషను అయినవారికి వాంతులు ఆగకుండా పట్టుకొంటే అది అడుగంటుతుంది. అప్పుడు మనవాళ్ళు చేసే పని ఏమిటి? వీధి చివరి దవాఖానాకు తీసుకువెళ్ళి “ఒక గ్లూకోజు సీసా ఎక్కించండి” అంటారు. థయమిన్ లేని ఒంట్లోకి గ్లూకోజు పోతే మెదడు దెబ్బతినవచ్చు: చూపు రెండుగా కనబడటం, నడక తడబడటం, మాట తప్పటం. ముందు థయమిన్ ఇంజెక్షను పడాలి. ఆపరేషను సంగతి దాచితే పాపం ఆ డాక్టరుకు ఎలా తెలుస్తుంది?

మోకాళ్ళ నొప్పుల బిళ్ళలు, బీడీ, సిగరెట్టు బైపాసు అతుకు దగ్గర పుండు పుట్టిస్తాయి. బరువు త్వరగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్ళు పడవచ్చు. బైపాసు అయినవారికి ఎన్నేళ్ళ తరువాతనైనా కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తే గ్యాస్ అనుకొని సోడా తాగి కూర్చోరాదు. లోపల పేగు సందులో ఇరుక్కొని ఉండవచ్చు. గర్భిణి అయితే ఇంకా తొందరపడాలి. గర్భం విషయంలో ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఆగమంటారు. రోజాలు కూడా తొలి నెలల్లో, దప్పిక తీరా నీళ్ళు తాగలేని రోజుల్లో, డాక్టరును అడగకుండా పట్టరాదు. ఇఫ్తారులో తీపితో మొదలుపెడితే బైపాసువారికి గుండెదడ, చెమటలు, విరేచనాలు రావచ్చు.

ఇక రెండో ఆపరేషను. ఏడాది రెండేళ్ళలో బరువు అన్నిటికంటె తక్కువకు చేరి, తరువాత కొంత తిరిగి రావడం చాలామందికి జరిగేదే. నాలుగు కిలోలు పెరిగాయని మళ్ళీ కత్తి కిందికి పోనక్కరలేదు. కారణం వెతకాలి. తినే తీరు మారిందా, చక్కెర పానీయాలు చేరాయా, మానసిక దిగులా, వేరే జబ్బుకు వాడే మందా, లేక పొట్టసంచి సాగిందా? ఎండోస్కోపీ, ఎక్స్‌రే చూడకుండా చెప్పలేరు. ఆహార నిపుణులతో కొన్నాళ్ళు ప్రయత్నించాలి. ఇప్పుడు ఇంజెక్షను మందులూ ఉన్నాయి. అమెరికాలో సెమాగ్లుటైడ్‌ను 2021లో, టిర్జెపటైడ్‌ను 2023లో బరువు తగ్గడానికి అనుమతించారు. రెండో ఆపరేషను అవసరం లేకుండా కొందరు వీటితో గట్టెక్కుతున్నారు.

స్లీవ్ తరువాత పుల్లత్రేన్పులు, ఛాతీలో మంట మందులకు లొంగకపోతే బైపాసుగా మార్చడం సర్వసాధారణం. పూర్వం వేసిన బ్యాండు జారితే, లోపలికి కోసుకుపోతే తీసివేసి వేరే పద్ధతికి మారుస్తారు. బైపాసు తరువాత బరువు తిరిగి పెరిగితే లోపలి దారిని ఎండోస్కోపీతో కుట్టి ఇరుకు చేయవచ్చు. తప్పించిన పేగు పొడవు పెంచవచ్చు గాని, దానితో పోషకాహార లోపం మళ్ళీ మొదటికి వస్తుంది. బక్కచిక్కిపోయినవారికి బైపాసును వెనక్కు మార్చే వీలున్నది. స్లీవ్‌కు ఆ వీలు లేదు, తీసేసిన పొట్టసంచి ఎక్కడినుంచి వస్తుంది? లోపల అతుకులు పడి ఉంటాయి గనుక రెండోసారి కోత మొదటిదానికంటె ప్రమాదం, లాభమూ సాధారణంగా తక్కువే.

మళ్ళీ చేసే సర్జనుకు మొదట కావలసినది మొదటి ఆపరేషను కాగితం: ఏ పద్ధతి, పేగు ఎంత తప్పించారు, ఎక్కడ కలిపారు. డిశ్చార్జి నాడే అడిగి తీసుకొని, దాని నకలు ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంచండి. మన సంఘం ఆఫీసులో జిరాక్సు మిషను ఉన్నది, ఆదివారం పొద్దున్న వస్తే తీసి ఇస్తాము.