రాగి దేగిసాకు తూకం చాలదు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాతకాలపు వంట, వ్యవసాయం, యింట్లో మిగిలిన పాత సామాను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని ఆదేశించారు. పిల్లల చదువులు, వైద్యం, పెళ్ళిఖర్చులు వంటి పెద్ద సంగతులు మాట్లాడవలసిన సభలో అటక మీది రాగి గిన్నెల ప్రసక్తి ఎందుకని కొందరికి తోచవచ్చు. అది సహజమే. అయితే మేము చూసినంతలో పొలాల పంపకం సజావుగా జరిగిన యిళ్ళలో కూడా గిన్నెల పంపకం దగ్గర మనసులు విరిగాయి. కనుక ఇది తీరిక కబుర్ల విషయం కాదు. కుటుంబం కలిసి వుండటానికి, విడిపోవటానికి సంబంధించిన విషయం.

మాది పల్నాడు. 2022లో వేరే జిల్లా అయింది గాని, అంతకు ముందు గుంటూరు జిల్లాలో మెట్ట సీమ. మా పల్లెలో మనవాళ్ళ గడపలు కొద్ది. అన్నిటికీ కలిపి పెద్ద రాగి దేగిసా మా యింట్లోనే వుండేది. నిఖా అయినా, అకీకా అయినా, ఎవరింట్లో నలుగురికి అన్నం పెట్టవలసి వచ్చినా కావడి వేసుకుని ఆ దేగిసా కోసం వచ్చేవారు. మనవాళ్ళే కాదు, రెడ్లు, కమ్మవారు, కుమ్మరి, చాకలి వారు కూడా పెళ్ళిళ్ళకు పట్టుకెళ్ళేవారు. దానికి అద్దె లేదు. ఒకటే షరతు: చింతపండు, బూడిదతో తళతళా తోమి, మసి లేకుండా తిరిగి తేవాలి. అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన మా దాదీ పేరు వుండేది. పొలం కాగితాల్లో ఆవిడ పేరు ఎక్కడా లేదు. ఊళ్ళో ఆవిడ పేరు రాసివున్న వస్తువు ఆ దేగిసా ఒక్కటే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

రాగి గిన్నెకు కళాయి ప్రాణం. ఏడాదికొకసారి కళాయి పూసేవాడు వచ్చి వేపచెట్టు కింద గుంట తీసి, కొలిమితిత్తి పెట్టి కూర్చునేవాడు. గిన్నెను బాగా కాచి, నవాసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ లేచేది. అప్పుడు తగరం తాకించి, దూది వుండతో చకచకా తిప్పి రుద్దితే లోపలంతా వెండిలాగా మెరిసేది. తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడుకే కరుగుతుంది. అందుకనే వుత్త గిన్నె పొయ్యి మీద వదిలేస్తే మా దాదీ కేకలేసేది. ఆవిడకు డిగ్రీలు తెలియవు గాని సంగతి తెలుసు. కళాయి పోయిన రాగిలో చింతపులుసు, పెరుగు, నిమ్మరసం తగిలితే రాగి దిగి వాంతులవుతాయి. ఈ కారణం చేతనే అల్యూమినియం, ఆ తరువాత స్టీలు వచ్చేసరికి రాగి అటకెక్కింది. అది ఆడవాళ్ళ తప్పు కాదు. తోమే చేతికి తెలుస్తుంది రాగి బరువు.

ఇక పొలం సంగతి. సాగర్ నీళ్ళు రాకముందు మావి వానకు ముఖం చూసే పొలాలు. జొన్న, సజ్జ, కంది, ఆముదం, పత్తి పండేవి. నాగలితో దున్నినాక గుంటక తోలి, పదును చూసి గొర్రు కట్టేవారు. గొర్రు పైన జడ్డిగం అనే కర్ర గిన్నె, దాని నుంచి కిందికి వెదురు గొట్టాలు వుంటాయి. ముందు ఎద్దులు నడుస్తుంటే వెనక నడిచే ఆడమనిషి పిడికిట్లోంచి గింజలు జడ్డిగంలో వదులుతూ వుండేది. గింజ ఒత్తయినా, పలచనైనా ఆ చేతిదే పూచీ. పైరు మొలిచాక సాలు చూసి, విత్తినది ఎవరి చేయో ఊరివాళ్ళు చెప్పేవారు. మా మేనత్త చేతికి మంచి పేరు. విత్తనాల రోజుల్లో మా యింటికి పొద్దు పొడవకముందే మనుషులు వచ్చి, "బీబమ్మా, రేపు మా చేలోకి రావాలి" అని అడిగి వెళ్ళేవారు. మగవాడు వ్యవసాయం చేశాడంటాం గాని, విత్తనం ఆడదాని పిడికిట్లో వుండేది.

పండిన జొన్నలు పాతరలో పోసేవారు. గట్టినేలలో లోతుగా తవ్విన గొయ్యి అది. అడుగున, పక్కన గడ్డి పరిచి, గింజ పోసి, పైన మట్టితో మూసి మెత్తేవారు. లోపలి గాలిలోని ప్రాణవాయువును గింజే పీల్చుకుంటుంది, పురుగు బతకదు. మందు చల్లే పని లేదు. కాని అందులోనే ప్రమాదమూ వున్నది. మూత తీయగానే మనిషి దిగితే వూపిరాడక ప్రాణం పోతుంది. అందువల్ల పాతర తెరిచి చాలాసేపు వదిలేసి, లాంతరు దించి, దీపం ఆరితే ఎవర్నీ దిగనిచ్చేవారు కాదు. ఇటువంటి జాగ్రత్తలు పుస్తకాల్లో చదివి నేర్చుకున్నవి కావు.

వంట గురించి చెబితే పిల్లలు నమ్మరు. తెల్లవారుజామునే తిరగలి చప్పుడు. వేడినీళ్ళతో పిండి పిసికి, చేత్తో తట్టిన జొన్నరొట్టె మట్టి పెనం మీద కాలేది. దానిలోకి గోంగూర. బయట గోంగూర అంటాం, యింట్లో అంబాడా అంటాం, ఆకు ఒకటే. మన బతుకే అట్లాంటిది గదా, ఒకే కూరకు రెండు పేర్లు. బక్రీదు మాంసం మిగిలితే పొడుగ్గా కోసి, వుప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఎండబెట్టేవారు. ఆ తునకలు నెలల తరబడి నిలవ వుండేవి. చేలో పనుల రోజున శనగపప్పులో నాలుగు తునకలు వేస్తే యిల్లంతా ఘుమఘుమ. పొయ్యిలోకి కందికంప వేస్తే భగ్గున మండి ఆరిపోతుంది, పిడక నిదానంగా కాలుతుంది. ఏ వంటకు ఏ మంట అన్నది ఒక విద్య. దేగిసాలో బిర్యానీ దమ్ముకు కింద మంట తీసేసి, మూత చుట్టూ పిండి మెత్తి, మూత మీద నిప్పులు పరిచేవారు.

అయితే పాతదంతా బంగారమని మేము చెప్పటం లేదు. కొత్తొక వింత, పాతొక రోత అంటారు. అది ఎంత తప్పో, పాతదంతా స్వర్గమనటమూ అంతే తప్పు. తిరగలి తిప్పి తిప్పి మా అమ్మీ భుజం పట్టేసేది. పొగకు కళ్ళు ఎర్రబడేవి. వానలు లేని ఏడు ఎండాకాలంలో రొట్టె సగమయ్యేది. ఆ సగంలో ఆడవాళ్ళ వాటా యింకా సగం. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక కుడికాలువ కింద వరి వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చినాక కూలీ యింట్లో కూడా వరి అన్నం వుడికింది. దాన్ని ఎగతాళి చేయకూడదు, ఆకలి తెలిసినవాడు చేయడు. కాని ఆ వెల్లువలో జొన్న, సజ్జ పేదల తిండి అనే చిన్నచూపు కూడా కొట్టుకువచ్చింది. ఇప్పుడేమైంది? 2018ని మన దేశం, 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరాలుగా జరిపాయి. డాక్టరు చీటీ రాస్తే గాని మన దాదీ రొట్టె మనకు గుర్తు రాలేదు!

ఇక అసలు సంగతికి వస్తాము. మేము నలుగురం. ఇద్దరన్నదమ్ములం, ఇద్దరక్కచెల్లెళ్ళు. తల్లిదండ్రులు గతించాక పొలం కొలిపించి, కాగితాలు రాసుకున్నాము. చివరికి అటక మీది సామాను దించితే పాన్‌దాన్, ఇత్తడి సోల, మానిక, రెండు తాంబాళాలు, ఆ దేగిసా మిగిలాయి. మా తమ్ముడు బోరు వేయించి, నీళ్ళు పడక అప్పుల్లో వున్నాడు. "అమ్మేద్దాం. ఇవన్నీ పెట్టుకుని ఏం చేస్తాం? మమకారంతో అప్పు తీరదు గదా" అన్నాడు. అందులో అబద్ధం లేదు. మా ఆపా చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "రాగికి రేటు కట్టు, సరే. అంచు మీద దాదీ పేరుంది. ఆ పేరుకు ఎంత కడతావో అది కూడా చెప్పు" అన్నది. ఇంట్లో ఎవరికీ నోట మాట లేదు.

ఆ రాత్రి తెగలేదు. మర్నాడు ఒక పెద్దాయన, దూది ఏకే నూర్‌బాషా కుటుంబీకుడు, మధ్యన కూర్చున్నారు. ఆయన యింట్లో తాతలనాటి ఏకే విల్లు గోడకు వేలాడుతూ వుంటుంది. ఆయన చెప్పినది చిన్న మాట: "ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా అందరికీ వాటా వున్నది. గిన్నె గదా అని ఆడపిల్లల వాటా మరిచిపోకండి. ముందు తూకం వేయండి, తరువాత మాట్లాడుకోండి." దేగిసా 22 కిలోలు తూగింది. ఆనాటి రాగి ధర కట్టి ఆరు వాటాలు వేశాము. కొడుకులకు రెండేసి, కూతుళ్ళకు ఒక్కొక్కటి. మా తమ్ముడి రెండు వాటాల సొమ్ము మిగిలిన ముగ్గురం కలిసి వాడి చేతిలో పెట్టాము. దేగిసా అమ్మలేదు. ఎవరి సొంతమూ కాకుండా ఆపా యింట్లో పెట్టి, ఒక నోటుపుస్తకం కట్టాము. ఎవరింట్లో శుభకార్యమైతే వారు తీసుకెళ్ళాలి, తేదీ రాయాలి, తిరిగి ఇచ్చేముందు తోమించాలి. కళాయి ఖర్చు ఆ ఏడు వాడినవారిది.

ఆ డబ్బుతో మా తమ్ముడి అప్పంతా తీరలేదు. తీరిందని చెబితే అది కథ అవుతుంది. వడ్డీకి కొంత ఆసరా అయింది, అంతే. కాని వాడు మా యిళ్ళకు రావటం మానలేదు. తరువాత వాడి కూతురి నిఖాకు ఆ దేగిసాలోనే బిర్యానీ దించాము. నోటుపుస్తకంలో తేదీ, పేరు వాడే స్వయంగా రాశాడు.

కనుక సభ్యులకు మా మనవి నాలుగు మాటల్లో చెబుతాము.

మొదటిది, యింట్లో పెద్దవారు బతికివుండగానే సామాను జాబితా రాయండి. ఏ వస్తువు ఎవరిది, ఎవరి పుట్టింటి నుంచి వచ్చింది, అంచు మీద ఏ పేరుంది, అన్నీ రాసి ఫోటో తీసి పెట్టుకోండి. పాత జాబితాల్లో తులాలు వుంటే, పాత తులం 11.66 గ్రాములని గుర్తుంచుకోండి. ఈనాడు వాడుకలో 10 గ్రాముల్ని తులమంటున్నారు. ఈ తేడా తెలియక తగాదా పడకండి.

రెండవది, పంపకం నాడు అక్కచెల్లెళ్ళను పిలిచి కూర్చోబెట్టండి. వాళ్ళు అడగలేదంటే వద్దన్నట్టు కాదు.

మూడవది, అమ్మీలను, నానీలను అడిగి వంటలు రాసుకోండి. "సోలెడు బియ్యం, గుప్పెడు పప్పు" అంటే విసుక్కోవద్దు. ఆ యింటి సోలనే తీసుకుని, నిండా బియ్యం కొలిచి, తక్కెడలో తూచి గ్రాముల్లో రాయండి. ఊరికొక సోల, యింటికొక గుప్పెడు. ఆవిడ వెళ్ళిపోయాక ఆ గుప్పెడు ఎవరికీ తెలియదు.

నాలుగవది, రాగిలో వండదలిస్తే కళాయి చూసుకుని వండండి. సీసం కలిసిన తగరం వాడనివ్వకండి. కళాయి పూసేవారు యింకా అక్కడక్కడా వున్నారు. మన పని వాళ్ళకిస్తేనే వాళ్ళుంటారు. గొర్రు, జడ్డిగం, మోట బాన వంటివి యింట్లో పట్టకపోతే చెదలు తిననివ్వక, మీ వూరి బడికి ఇవ్వండి. ఏది దేనికి పనికొచ్చేదో చీటీ మీద రాసి మరీ ఇవ్వండి.

సంఘంవారికి కూడా ఒక విన్నపం. వాడకుండా పడివున్న పెద్ద దేగిసాలు కొన్ని కుటుంబాల్లో వున్నాయి. వారు యిష్టపడితే సంఘం తరఫున ఒకచోట చేర్చి, కళాయి వేయించి, పేద యిళ్ళలో పెళ్ళిళ్ళకు అద్దె లేకుండా ఇవ్వవచ్చును. అంచు మీది పేర్లు మాత్రం చెరపవద్దు. అద్దె సామానుకయ్యే ఖర్చు ఆ కుటుంబాలకు మిగులుతుంది, వండి పెట్టిన ఆ తల్లుల పేర్లు పదిమంది నోట నిలుస్తాయి.